విశాఖలో ఫైటు తీస్తున్నారా? సముద్రం ఎటు పక్క ఉందో ముందు రాసుకోండి

బీచ్ రోడ్డు మీద కారు ఛేజు. హీరో భీమిలి వైపు దూసుకుపోతున్నాడు, సముద్రం అతని కుడి పక్కన. కట్. విలన్ కారులోంచి తీసిన షాటు, అందులో సముద్రం ఎడమ పక్కన. అంటే ఒకడు భీమిలి వెళ్తున్నాడు, ఇంకొకడు ఊళ్లోకి వస్తున్నాడు. అది ఛేజు కాదు, ఎదురెదురు ప్రయాణం. బయటి ఊరివాళ్లకు ఇది పట్టకపోవచ్చు. జగదాంబ జంక్షన్లో మొదటి ఆటకు వెళ్లిన విశాఖ కుర్రాడు మాత్రం ఈల వేసి మరీ చెబుతాడు.

షార్ట్ ఫిల్మో, వెబ్ సిరీసో, చిన్న బడ్జెట్ సినిమానో తీస్తూ, కంటిన్యుటీ (షాటుకూ షాటుకూ మధ్య తేడాలు రాకుండా చూసే) పని నెత్తిన పడ్డ అసిస్టెంట్ డైరెక్టరుకు పనికొచ్చే పద్ధతి ఇది. ఖర్చు పెద్దగా ఉండదు. ఒక నోట్‌బుక్, ఫోను, దిక్సూచి యాప్, ఆ రోజు ఆటుపోట్ల టైములు ఉంటే చాలు.

స్క్రిప్టు చేతికి రాగానే

షూటింగ్ ఆర్డరు పక్కన పెట్టి కథ ఆర్డరులో ఒక పట్టిక రాయండి. ప్రతి సీనుకూ నాలుగు గడులు: కథలో ఎన్నో రోజు, గడియారంలో ఎంత, మనిషి ఒంటి మీద అప్పటికి ఏమేం ఉన్నాయి, చేతిలో ఏముంది. "మూడో రోజు, ఉదయం 7.10, కుడి కనుబొమ్మ మీద గాటు, చొక్కా పై గుండీ ఊడింది, ఎడమ చేతిలో ఫోను" అన్నంత వివరంగా ఉండాలి. యాక్షన్ సీనులో ఈ పట్టిక లేకపోతే రెండో రోజు మధ్యాహ్నానికే తికమక మొదలవుతుంది. క్లైమాక్స్ ముందు తీసి, దానికి ముందు జరిగే ఫైటు వారం తర్వాత తీయడం మామూలే కదా.

కుడి, ఎడమ అని రాసేటప్పుడు ఎవరి కుడి అన్నది మొదటి పేజీలోనే తేల్చేయండి. మేకప్ వాళ్లకు నటుడి కుడి కావాలి, కెమెరా వాళ్లకు ఫ్రేములో కుడి కావాలి. గాటు ఒక షాటులో ఈ కనుబొమ్మకూ మరో షాటులో ఆ కనుబొమ్మకూ మారడానికి సగం కారణం ఈ మాట తేల్చుకోకపోవడమే. ఎప్పుడూ నటుడి కుడి, నటుడి ఎడమ అనే రాయండి.

లొకేషన్లో దిక్కు, వెలుగు, నీరు

విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది, సముద్రం ఆగ్నేయాన ఉంటుంది. మిగతా లెక్కంతా దీంట్లోంచే వస్తుంది.

మీ కెమెరా ఊరి వైపు నిలబడి సముద్రాన్ని చూస్తోందనుకోండి. భీమిలి వెళ్లే కారు ఫ్రేములో కుడి నుంచి ఎడమకు పోతుంది. కెమెరాను ఇసుక వైపు పెట్టి కొండల్ని చూపిస్తే అదే కారు ఎడమ నుంచి కుడికి పోతుంది. ఈ రెండు షాట్లూ పక్కపక్కన పడితే కారు వెనక్కి తిరిగిందనిపిస్తుంది. సముద్రం, కొండలు రెండూ చూపించాలని డైరెక్టరు పట్టుబడితే మధ్యలో దిశ తెలియని షాటు ఒకటి పెట్టించండి: కారు నేరుగా కెమెరా మీదకు రావడమో, వెనక నుంచి దూరమైపోవడమో, పైనుంచి డ్రోను తిరగడమో. ఆ ఒక్క షాటు అడిగి తీయించుకోకపోతే ఎడిటరు చేసేది ఒకటే, షాటును అద్దంలో బొమ్మలా తిప్పేస్తాడు. అప్పుడు స్టీరింగు ఎడమకు పోతుంది, చొక్కా జేబు కుడి పక్కకు వస్తుంది, దుకాణాల బోర్డులన్నీ తిరగబడతాయి.

వెలుగు సంగతి దీనికంటే మొండిది. ఆర్కే బీచ్‌లో పొద్దున్నే సముద్రం వెనక పెట్టి మనిషిని తీస్తే సూర్యుడు అతని వీపు వెనక ఉంటాడు, ముఖం నల్లబడుతుంది. అదే ఫ్రేము సాయంత్రం నాలుగింటికి తీస్తే ఎండ ఊరి వైపు నుంచి నేరుగా ముఖం మీద కొడుతుంది. పొద్దున మొదలైన ఫైటు సాయంత్రం ముగించి అంతా ఒకే రెండు నిమిషాల్లో జరిగిందంటే ఏ కలర్ కరెక్షనూ కాపాడలేదు. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. కాబట్టి మాస్టర్ షాటు (సీను మొత్తం కనిపించే దూరపు షాటు), దానికి తగిలే క్లోజులు రెండు గంటల్లోపు పూర్తి చేసేలా ప్లాను వేయించండి. కుదరకపోతే దూరపు షాట్లన్నీ ఒక పూట, ముఖాల క్లోజులు తెల్ల బట్ట కప్పిన నీడలో మరో పూట. మే రెండో వారంలోనూ, ఆగస్టు మొదట్లోనూ మధ్యాహ్నం విశాఖలో సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. నీడ కాళ్ల కిందే ముడుచుకుంటుంది, కళ్లు గుంటలు పడ్డట్టు కనిపిస్తాయి. ఆ టైములో క్లోజులు వద్దనండి.

ఇంకో పాత తప్పు, సముద్రంలో సూర్యాస్తమయం. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక్కి దిగుతాడు. సూర్యోదయం తీసి సాయంత్రంగా నడిపించేద్దామని ఎవరో ఒకరు అంటారు. కథ విశాఖది కాకపోతే నడుస్తుందేమో. ఫ్రేములో డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తుంటే మాత్రం నడవదు.

ఇసుక మీద ఫైటు అయితే ఆటుపోట్లు చూసుకోవాల్సిందే. ఇక్కడ రోజుకు రెండు ఆట్లు, రెండు పోట్లు. పోటు నుంచి ఆటుకు ఆరు గంటల పైచిలుకు. ఉదయం ఆరున్నరకు పొడిగా ఉన్న ఇసుక తొమ్మిదిన్నరకల్లా తడిసిపోవచ్చు, హీరో పడిపోయిన గుంట మాయం కావచ్చు. మర్నాడు అదే నీటి గీత కావాలంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా మొదలుపెట్టాలి. కానీ సూర్యుడు 50 నిమిషాలు ఆగడు. రెండూ కలవాలంటే దాదాపు రెండు వారాలు పడుతుంది. అంత ఓపిక ఏ ప్రొడ్యూసరుకూ ఉండదు కాబట్టి రెండో రోజు ఫ్రేమును నడుము పైకి బిగించి నీళ్లు కనపడకుండా తీయడమే దారి.

ఇక దూరాలు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ. గంటకు 80 చొప్పున పోయినా పద్దెనిమిది, పంతొమ్మిది నిమిషాలు. సిరిపురంలో మలుపు తిరిగిన బండి తర్వాతి షాటులో రుషికొండ దగ్గర తేలితే ఒప్పుకోవచ్చు. కానీ ఫోనులో ఒక్క మాట మాట్లాడి ముగించేలోపు అది జరిగితే ఒప్పుకోలేం. ఫోను సంభాషణ, టైమరు, పాట ఇవి గడియారాలే. అవి నడుస్తున్నప్పుడు దూరాన్ని కుదించకండి.

దెబ్బల లెక్క

హీరో చొక్కాకు దశలు వేయండి. సున్నా అంటే ఉతికినది, ఒకటి దుమ్ము, రెండు భుజం దగ్గర చిరుగు, మూడు చిరుగూ రక్తమూ, నాలుగు తడిసినది. ఒక్కో దశకు కనీసం రెండు చొక్కాలు, డూపుకు వేరే రెండు. డూపు లోపల ప్యాడ్లు కట్టుకుంటాడు కాబట్టి అతనివి ఒక సైజు పెద్దవి. కాలరు లోపల దశ నంబరు మార్కరుతో రాయండి. చిరుగు సెట్టు మీద చేత్తో చింపితే ఏ రెండూ ఒకేలా రావు. ఒక చొక్కా చింపి, దాన్ని అట్ట మీద పరిచి, ఆ గీత మీదే మిగతావి కత్తిరించమని కాస్ట్యూమరుకు చెప్పండి. అంచును ఉప్పుకాగితంతో రుద్దితే నూలు పీచు లేచి చిరిగినట్టే ఉంటుంది.

రక్తానికి 200 మిల్లీలీటర్ల లిక్విడ్ గ్లూకోజులో రెండు చెంచాల ఎరుపు ఫుడ్ కలరు, పావు చెంచా కోకో పొడి, పలచబడటానికి కొంచెం నీళ్లు కలపండి. కోకో వేయకపోతే రోజ్ మిల్క్ రంగు వస్తుంది. అసలు రక్తం తాజాగా ఉన్నప్పుడే ఎర్రన, అరగంటలో ముదిరి గోధుమ రంగుకు తిరుగుతుంది. అందుకని రెండు సీసాలు చేయండి. రెండో దాంట్లో కోకో రెట్టింపు. ఫైటులో మొదటి సీసా, ఆసుపత్రికి చేరే సీనులో రెండోది. దీన్ని ఎండలో తెరిచి ఉంచితే బీచ్‌లో ఉన్న ఈగలన్నీ మీ హీరో మీదే, క్లోజులో అది కూడా కంటిన్యుటీ తప్పే.

చెమట మరో తలనొప్పి. ఈ ఊరి ఉక్కపోతలో అసలు చెమటే చాలనుకుంటారు, కానీ గాలి తిరిగితే పది నిమిషాల్లో ఆరిపోతుంది. నీళ్లు, గ్లిజరిన్ చెరి సగం కలిపి స్ప్రే బాటిల్లో పోసుకోండి, ఆరదు. చంకలు, వీపు తడిసిన మేర ఫోటో తీసుకుని ప్రతి టేకుకు ముందు అంతే తడపాలి.

ఫోటో ఎప్పుడు తీయాలన్నది అన్నిటికంటే ముఖ్యం. "కట్" అన్న వెంటనే, ఎవరూ కదలకముందు. టచప్ అయ్యాక తీసిన ఫోటో ఎందుకూ పనికిరాదు. నాలుగు చాలు: ముందు నుంచి, రెండు పక్కల నుంచి, చేతులు. ఓకే అయిన టేకు నంబరు కాగితం మీద రాసి ఫోటోలో పెట్టండి. వాచీ ఉంటే పక్కనున్న టైము తిప్పే బొడిపెను బయటికి లాగి ఆపేసి, కథ టైముకు పెట్టండి. పొద్దున 7.10కి జరిగే ఫైటులో హీరో పిడికిలి లేపగానే పెద్ద తెర మీద వాచీ 2.40 చూపిస్తే ఆ దెబ్బ వృథా.

కారుకూ ఇదే లెక్క. డ్యామేజీ తక్కువ నుంచి ఎక్కువకే తీయాలి. సొట్ట పడిన డోరును మళ్లీ కొత్తది చేయడానికి గ్యారేజీ వాడు మీ షెడ్యూలు చూడడు. రెండు ఒకేలాంటి కార్లు వాడుతుంటే నంబరు ప్లేటు, అద్దం మీది స్టిక్కరు, డ్యాష్‌బోర్డు మీద వినాయకుడు రెండింట్లోనూ ఒకటే ఉండాలి. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొరతో చేస్తారు. అది సాలెగూడులా పగులుతుంది కానీ ముక్కలై రాలదు. పక్క అద్దం చిన్న చిన్న పలుకులుగా రాలుతుంది. ఈ రెండూ తారుమారు చేయడం చాలా సినిమాల్లో కనిపిస్తుంది. ఇంకొకటి, కొత్త కారు నేరుగా గోడను గుద్దితే ఎయిర్‌బ్యాగు తెరుచుకోవాలి. తెరుచుకున్నాక హీరో అదే స్టీరింగుతో ఛేజు కొనసాగించలేడు. కథకు అది అడ్డమైతే పాత మోడలు కారు పెట్టండి, సమస్య తీరిపోతుంది.

తుపాకులు

తూటాల లెక్క సెట్టు మీద చేయకండి, అక్కడ ఎప్పుడూ తప్పుతుంది. మంట గ్రాఫిక్స్‌లో వస్తుంది, చప్పుడు సౌండు వాళ్లు వేస్తారు. సెట్టు మీద ఆరు సార్లు మీట నొక్కిన రివాల్వరు మిక్సింగు గదిలో తొమ్మిది సార్లు పేలుతుంది, ఎందుకంటే అక్కడ ఒక ఖాళీ బోసిగా అనిపించి మూడు చప్పుళ్లు అదనంగా వేశారు. అందుకని చివరి మిక్సింగుకు ముందు ఒకసారి చెవులతో లెక్కపెట్టండి. మామూలు రివాల్వరులో ఆరు. ఇన్సాస్ రైఫిల్ మేగజీనులో 20, ఏకే-47లో 30. ఏకే నిమిషానికి దాదాపు 600 చొప్పున కాలుస్తుంది, అంటే మీట వదలకుండా పట్టుకుంటే మూడు సెకన్లలో ఖాళీ. పదిహేను సెకన్లు ఏకధాటిగా కాల్చాడంటే మధ్యలో మేగజీను మార్చే షాటు నాలుగు సార్లు ఉండాలి.

పిస్టలులో ఆఖరి తూటా పోగానే పైభాగం వెనక్కి వెళ్లి అక్కడే ఆగిపోతుంది. "ఖాళీ అయిపోయింది" అని క్లిక్ క్లిక్ మనిపించడం రివాల్వరుకు చెల్లుతుంది, పిస్టలుకు చెల్లదు. మామూలు రివాల్వరుకు సైలెన్సరు బిగించినా పెద్దగా లాభం లేదు, తూటా గదికీ గొట్టానికీ మధ్య సందులోంచి చప్పుడు బయటికి వస్తుంది. తూటా తగిలిన ప్రతిచోటా నిప్పు రవ్వలు లేవవు. పెట్రోలు ట్యాంకు తూటాతో పేలిపోదు, కారుతుంది. కారు డోరు తూటాను ఆపదు. దాక్కోవాలంటే ఇంజను వెనకో, చక్రం వెనకో దాక్కున్నట్టు తీయండి.

దూరంగా జరిగే పేలుడుకు చప్పుడు ఆలస్యంగా రావాలి. మన వేడిలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. హార్బరులో జరిగిన పేలుడును కిలోమీటరు దూరంలోంచి చూపిస్తే మంట తర్వాత మూడు సెకన్లకు చప్పుడు. ఈ మూడు సెకన్ల నిశ్శబ్దం సీనుకు పెద్ద బలం, దాన్ని ఎందుకు వదులుకుంటారో అర్థం కాదు.

డమ్మీ తుపాకీ అయినా సరే, తీసే ముందు ఆ ఏరియా పోలీస్ స్టేషనులో చెప్పి వెళ్లండి. ఇది నేవీ ఊరు.

రైలు, పడవ

అరకు రైలు పైకప్పు మీద ఫైటు అడగని డైరెక్టరు ఉండడు. ఆ లైను కరెంటు లైను. పైనున్న తీగలో 25 వేల వోల్టులు. పట్టాల నుంచి తీగ ఎత్తు అయిదున్నర మీటర్ల చుట్టుపక్కల, పెట్టె ఎత్తు నాలుగు మీటర్ల పైచిలుకు. మనిషి నిటారుగా నిలబడితే తల తీగను దాటిపోతుంది. తగలక్కర్లేదు, దగ్గరికొస్తేనే కరెంటు దూకుతుంది. గ్రాఫిక్స్‌లో తీగ చెరిపేసినా పక్కన స్తంభాలు కనిపిస్తూనే ఉంటాయి. పెట్టెల మధ్య వెస్టిబ్యూలులోనో (ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు వెళ్లే దారి), తలుపు దగ్గరో పెట్టుకోమని చెప్పండి. ఇరుకు కాబట్టి ఫైటు మాస్టర్లకు అది నచ్చుతుంది కూడా.

ఫిషింగ్ హార్బరు సీనుకు క్యాలెండరు చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. కథ మే నెలలో జరుగుతూ, వెనక బోట్లు చేపలతో దిగుతుంటే తప్పు. కథ డిసెంబరుదై, మీరు మేలో తీస్తుంటే అదీ తప్పే. మరబోటు వేగం కూడా గంటకు పదిహేను, ఇరవై కిలోమీటర్ల లెక్కే. స్పీడు బోటుతో పోటీ పెట్టకండి.

యూనిఫాం, బోర్డులు, సంవత్సరాలు

విశాఖ నగరంలో పోలీసు బాసు కమిషనరు. ఆయన కింద డీసీపీలు, ఏసీపీలు. నగరంలో జరిగే సీనులో "ఎస్పీ గారికి ఫోన్ కలపండి" అంటే ఆ ఒక్క డైలాగుతో నమ్మకం పోతుంది. భుజం మీద ఎస్సైకి రెండు నక్షత్రాలు, ఇన్‌స్పెక్టరుకు మూడు, ఇద్దరికీ ఎరుపు నీలం పట్టీ ఉంటుంది. ఏసీపీకి మూడు నక్షత్రాలే, పట్టీ ఉండదు. అద్దె కాస్ట్యూముల్లో ఈ పట్టీ ఒకటి ఎప్పుడూ కలగాపులగంగా వస్తుంది, తొడిగే ముందు చూసుకోండి. నేవీ సెల్యూటులో అరచేయి కిందికి తిరిగి ఉంటుంది, ఆర్మీలా ఎదుటివాడికి కనపడదు. నేవీ ఓడ బూడిద రంగు. తెల్ల ఓడ మీద ఏటవాలు పట్టీ ఉంటే అది కోస్ట్ గార్డు. విమానాశ్రయం ఐఎన్‌ఎస్ డేగా అనే నౌకాదళ స్థావరంలో ఉంది, కాబట్టి రన్‌వే మీద విలను జీపు వేసుకుని తిరిగే కథ ఇక్కడ పెట్టకండి.

కథ ఏ సంవత్సరానిదో తెలియకుండా బీచ్ రోడ్డు తీయకూడదు. విక్టరీ ఎట్ సీ స్తూపం 1996ది. కురుసుర జలాంతర్గామి మ్యూజియం 2002లో వచ్చింది. ఎదురుగా టీయూ-142 విమానం 2017లో. 1998 కథలో జలాంతర్గామి వెనక కనపడితే అది ఇంకా సముద్రంలోనే డ్యూటీలో ఉంది. పాత స్టాక్ షాట్లు కొనుక్కుంటే చెట్లు చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరి పచ్చదనాన్ని ఊడ్చేసింది, ముందు కైలాసగిరి వేరు, తర్వాత కైలాసగిరి వేరు. తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గర పెద్ద ఓడ నిలిచి కనిపిస్తే ఆ షాటు 2020 అక్టోబరుకు ముందుది కాదు.

నంబరు ప్లేటు చిన్న విషయంలా ఉంటుంది కానీ జనం మొదట చదివేది అదే. పాత విశాఖ బండి ఏపీ 31. 2019 మొదట్లో రాష్ట్రం అంతటికీ ఏపీ 39 వచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చిన విలను బండికి టీఎస్ పెట్టాలంటే కథ 2014 తర్వాతిదై ఉండాలి, టీజీ పెట్టాలంటే 2024 తర్వాతిదై ఉండాలి. అరకు పోలీస్ స్టేషను బోర్డు మీద విశాఖ జిల్లా అని రాస్తే కథ 2022 ఏప్రిల్‌కు ముందుదన్నమాట. ఆ తర్వాత అది అల్లూరి సీతారామరాజు జిల్లా.

ఎడిటింగు గదిలో

మొదటి రఫ్ కట్ (షాట్లు వరసగా అతికిన తొలి కూర్పు) వచ్చాక నాలుగు సార్లు చూడండి, ప్రతిసారీ ఒకే పని మీద. మొదటిసారి సౌండు తీసేసి దిశ మాత్రమే. రెండోసారి చేతులు: ఏ చేతిలో ఏముంది, పిడికిలి ఎటు. మూడోసారి ఒంటి మీది గాయాలు, బట్టలు. నాలుగోసారి వెనక వాళ్లు: గుమిగూడిన జనం, కారు అద్దాల్లో ప్రతిబింబించే యూనిట్, ఇసుకలో ట్రాలీ పట్టాల గాడి. అన్నీ ఒకేసారి చూస్తానంటే కథలో పడిపోతారు, ఏదీ కనపడదు. మీ కంటే బాగా పట్టేది సీను తెలియని మనిషి. ఆఫీసు బాయ్‌ని కూర్చోబెట్టి చూపించండి.

దొరికినవన్నీ సరిదిద్దాలనుకోకండి. దెబ్బ తగిలే క్షణంలో ప్రేక్షకుడి చూపు ముఖం మీద ఉంటుంది, జుట్టు పాయ అటు ఇటు అయినా తెలియదు. నటన బాగున్న టేకులో కాలరు మడత తప్పితే ఆ టేకే ఉంచమనండి. కాలరు కోసం చప్పటి టేకు పెట్టించే అసిస్టెంటు ఎడిటరుకు శత్రువు. దిశ తప్పడం, గాయం పక్క మారడం, తూటాల లెక్క, సంవత్సరం, ఈ నాలుగింటి దగ్గర మాత్రం వెనక్కి తగ్గొద్దు. చాలావాటికి రీషూటు అక్కర్లేదు. చేతి క్లోజు, టైరు, గేరు మార్చే చేయి, పరుగెత్తే కాళ్లు, ఎగిరే కాకులు లాంటి అతుకు షాట్లు షూటింగు ఆఖరి రోజున ఒక గంట కేటాయించి ఓ పదిహేను తీసి ఉంచుకోండి. ఒక్క జాగ్రత్త: గేరు మార్చే షాటు రెండుసార్లకు మించి వాడనివ్వకండి. అయిదు గేర్ల కారుకు పదకొండు గేర్లు వేసిన ఛేజులు ఇప్పటికే చాలా ఉన్నాయి.